కదలనివాళ్లకి వెలుగెందుకు?

కుదురుగా కూర్చుని పనిచేసేవాళ్లే ఈ భూమికి అసలు శత్రువులని ఈ వారం సగర్వంగా ప్రకటిస్తున్నాను!

కోపం తెచ్చుకోకండి, ముందు వినండి. పొగ గొట్టాల మీద, కార్ల మీద, ప్లాస్టిక్ సంచుల మీద పెద్దలు ఇప్పటికే బోలెడు రాశారు. కానీ తల వంచుకుని, ఒక్క అంగుళం కదలకుండా, మూడేసి గంటలు పనిచేసుకునే మనిషి గురించి ఎవరైనా ఒక్క ముక్క రాశారా? ఆ మనిషి నెత్తి మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎందుకు వెలగాలండీ? కదలని మనిషికీ ఆ మనిషి కూర్చున్న కుర్చీకీ తేడా ఏముంది? ఉత్త కుర్చీకి ఎవరైనా లైటు వేస్తారా?

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా ఆఫీసు కొత్త బిల్డింగ్‌లోకి మారాక వచ్చింది.

మా కంపెనీ మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు అచ్చు వేస్తుంది. మీరు పెట్టె తెరవగానే చదవకుండా పారేస్తారే, అవే! రోజుకు ఎన్నిసార్లు, తినకముందా తిన్నాకా, పెద్దలకైతే ఎంత, పిల్లలకైతే ఎంత అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది చూడండి, ఆ అక్షరాలను పేజీలో పేర్చడం నా ఉద్యోగం. వారానికోసారి ఈ కాలమ్ రాయడం నా జబ్బు.

నేను పేర్చినదాంట్లో తప్పులు పట్టుకోవడం నా ఎదురు సీటు అక్క ఉద్యోగం. ఆవిడ ప్రూఫ్ రీడర్. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఆఫీసులో అందరికీ ఆవిడ అక్కే, ఒక్క మేనేజర్ గారికి తప్ప. ఆయన ‘అమ్మా’ అంటారు, అదీ ఏదైనా కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు.

పాత బిల్డింగ్‌లో నిలువెత్తు కిటికీలు ఉండేవి. పొద్దున్నే రెక్కలు బార్లా తెరిస్తే సాయంత్రం దాకా స్విచ్చు జోలికి పోయే పనే ఉండేది కాదు. ఎంత అనాగరికం! ఎండ తన మానాన తాను లోపలికి వచ్చేస్తూంటే దాన్ని కొలిచిన మిషను లేదు, మెచ్చుకున్న కమిటీ లేదు, సర్టిఫికెట్ ఇచ్చిన పాపాన పోయినవాడు లేడు.

కొత్త బిల్డింగ్ అలాంటిది కాదు. గ్రీన్ బిల్డింగ్! కరెంటు పొదుపులో పతకం కొట్టింది. దీనికి నాలుగు వైపులా అద్దమే. అద్దంలోంచి ఎండ చురచురా కొడుతుంది కాబట్టి కర్టెన్లు వాటంతటవే దిగుతాయి. కర్టెన్లు దిగితే చీకటి కాబట్టి లైట్లు వాటంతటవే వెలుగుతాయి. లైట్లు వెలిగితే కరెంటు ఖర్చు కాబట్టి, మనిషి కదలకపోతే ఏడు నిమిషాలకు అవి వాటంతటవే ఆరిపోతాయి. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతూంటుంది, లోపల మేము గుడ్లప్పగించుకుని చీకట్లో కూర్చుని ఉంటాం. ఇంత దూరం ఆలోచించడం మామూలు బుర్రలకు సాధ్యమా?

మేడ మీద సోలార్ పలకలున్నాయి. వాటి పక్కనే ‘ఈ భవనం సూర్యుడి శక్తితో నడుస్తుంది’ అని రెండంతస్తుల ఎత్తు బోర్డు ఉంది. పొద్దున్న తొమ్మిది నుంచి మూడింటి దాకా ఆ బోర్డు నీడ సరిగ్గా పలకల మీద పడుతుందట. మిగిలిన కాసేపట్లో పుట్టే కరెంటు సాయంత్రం బోర్డులో లైట్లు వెలగడానికి సరిపోతుందట. ఈ సంగతి మా ఎలక్ట్రీషియన్ బాబాయ్ చెప్పాడు. నేను మాత్రం పొంగిపోయాను. ఎవరి సొమ్ముతోనూ పని లేకుండా సూర్యుడు తన ప్రకటనకు తానే కరెంటు ఇచ్చుకుంటున్నాడు, ఇంతకన్నా స్వావలంబన ఇంకెక్కడైనా ఉందా?

ఇక అసలు విషయానికి వద్దాం. మా ఆఫీసులో ప్రతి సీటు పైనా సీలింగ్‌కి చొక్కా గుండీ లాంటి తెల్లటి సెన్సార్ ఒకటి ఉంది. అదే మా కన్నతల్లి, కన్నతండ్రి. కింద మనిషి కదిలితే అది చూస్తుంది, లైటు వేస్తుంది. కదలకపోతే మనిషి లేడనుకుంటుంది, లైటు తీసేస్తుంది. అంతే, దానికి ఇంకేమీ తెలియదు. తెలియాల్సిన అవసరం మాత్రం ఏముంది?

దీనివల్ల కలిగిన లాభాలు ఒకటా రెండా! ఏడు నిమిషాలకోసారి చెయ్యెత్తి ఊపీ ఊపీ నా భుజం నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. మా టైపిస్టు కూర్చున్న కుర్చీతో సహా గిర్రున తిరగడం నేర్చుకుంది. ఆరోగ్యం సంగతి అలా ఉంచండి, భక్తి కూడా పెరిగింది. ఎవరిని చూసినా రెండు చేతులూ పైకెత్తి సీలింగ్‌కేసి చూస్తున్నవాళ్లే!

మీటింగ్ హాల్లో అయితే మరీ సుఖం. మేనేజర్ గారు మాట్లాడటం మొదలుపెట్టిన పావుగంటకల్లా మేమంతా కునికిపాట్లలోకి జారుకుంటాం. ఎవరూ కదలరు. లైట్లు ఆరిపోతాయి. ఆయన చీకట్లోనే ‘మన ఉజ్వల భవిష్యత్తు’ గురించి చెప్పుకుపోతూ ఉంటారు. పాత బిల్డింగ్‌లో ఇంత హాయిగా ఒక్కనాడైనా నిద్రపోయామా?

ఇంటికెళ్లినా అలవాటు పోలేదు. పేపర్ చదువుకుంటూ మధ్యమధ్య చెయ్యి ఊపుతూంటే మా ఆవిడ అడిగింది. “ఎవరికండీ ఆ టాటాలు?”

“లైటుకి,” అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “రేపు ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దాం,” అంది. పర్యావరణం అంటే ఇంట్లోవాళ్లకు ఎప్పుడు అర్థమవుతుంది గనక!

నేను తెలివైనవాణ్ణి కాబట్టి, చేతులు పీకుతున్నాయి కాబట్టి, రెండో నెలలో ఒక ఉపాయం కనిపెట్టాను. ఇంటినుంచి పాత టేబుల్ ఫ్యాను తెచ్చి టేబుల్ మూలన పెట్టాను. దాని జాలీకి మూరెడు మెరుపు రిబ్బను కట్టాను. ఫ్యాను తిరుగుతూంటే రిబ్బను పైకి లేచి రెపరెపలాడుతుంది. సెన్సార్ దాన్ని చూసి ‘ఆహా, ఎంత కష్టపడుతున్నాడు పాపం!’ అనుకుంటుంది. నా లైటు ఆరనే ఆరదు. ఆ ఫ్యాను తాగే కరెంటు లైటు తాగేదానికి మూడింతలని బాబాయ్ అన్నాడు. చిన్నచిన్న విషయాలు పట్టించుకుంటే పెద్ద పొదుపులు చెయ్యలేం.

పొదుపుకి అడ్డం పడిందల్లా మా అక్క ఒక్కతే.

ఆవిడ పని చూస్తే మీకే అర్థమవుతుంది. వరస కింద ఉక్కు స్కేలు పెడుతుంది. కుడిచేతిలో ఎర్ర పెన్ను. పెదవులు మాత్రం చప్పుడు లేకుండా కదులుతూంటాయి. ఒక్కో అక్షరం, ఒక్కో అంకె, ఒక్కో చుక్క. వరస అయ్యాక స్కేలు ఒక్క గీత కిందికి జరుగుతుంది. అంతే కదలిక! పెదవులు కదలడం, స్కేలు జరగడం సీలింగ్ మీది గుండీ కంటికి ఆనవు. సరిగ్గా ఏడు నిమిషాలకు టప్పున చీకటి. అప్పుడు ఆవిడ చదువుతున్న అంకె మీద వేలు పెట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి ఊపుతుంది. లైటు వస్తుంది. వచ్చాక ఆ వరస మళ్లీ మొదటినుంచి చదువుతుంది.

“మళ్లీ ఎందుకక్కా? ఎక్కడ ఆగావో అక్కణ్ణుంచి చదవచ్చుగా,” అన్నాను ఒకసారి.

“చెయ్యి ఊపితే కన్ను చెదురుతుంది తమ్ముడూ. చెదిరిన కన్ను ఉన్నది చూడదు, ఉండాల్సింది చూస్తుంది,” అంది.

టేబుల్ లైటు తెచ్చుకుంటానని అర్జీ పెట్టుకుంది. గ్రీన్ బిల్డింగ్‌లో సొంత దీపాలు నిషిద్ధమని జవాబు వచ్చింది. టార్చిలైటు గడ్డం కింద ఇరికించుకుని రెండు రోజులు చదివింది, మూడో రోజుకి మెడ పట్టేసింది. కర్టెన్ పక్కకి లాగితే అది మోటారు మీద మళ్లీ బుద్ధిగా దిగింది. ఆఖరికి బాబాయ్‌ని పట్టుకుని అడిగింది.

“ఆ ఏడు నిమిషాలు కొంచెం పెంచడానికి వీలు కాదా బాబాయ్?”

“ఎందుక్కాదు! దాని పక్కనే బుల్లి స్క్రూ ఒకటి ఉంటుంది. తిప్పితే అరగంటవుద్ది. కానీ ఒక్కటి తిప్పినా సర్టిఫికెట్ పోతుందని పైవాళ్లు గట్టిగా చెప్పారు. నా ఉద్యోగం కూడా పోద్ది.”

చూశారా, చిన్న స్క్రూలో ఎంత పెద్ద సర్టిఫికెట్ ఇరుక్కుని ఉందో! మేనేజర్ గారి గదిలో స్క్రూ మాత్రం గృహప్రవేశమైన రెండో రోజే తిరిగింది. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించేటప్పుడు చీకటి పడితే నిద్రపోతున్నారని అపార్థం వస్తుందట.

నాకు జాలేసింది. “నీకూ ఒక ఫ్యానూ రిబ్బనూ పెట్టిస్తానక్కా,” అన్నాను.

“వద్దులే తమ్ముడూ. దాని నీడ అక్షరాల మీద ఊగుతుంది. అయినా ఊరికే ఫ్యాను తిప్పితే కరెంటు దండగ కదా?”

ఈ మాట అన్న మనిషి ఎవరనుకున్నారు? కారుతున్న కుళాయి ఎక్కడ కనబడ్డా ఆగి కట్టేసి వచ్చే మనిషి. పాడైన ప్రూఫుల వెనకవైపు రాసుకునే మనిషి. నాలుగంతస్తులూ లిఫ్టు లేకుండా మెట్లెక్కి వచ్చే మనిషి. పొదుపంటే ఇంత పాతకాలపు ఆలోచనలున్నవాళ్లతో గ్రీన్ బిల్డింగులు ఎలా బాగుపడతాయి చెప్పండి?

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఒక ప్రూఫు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పసిపిల్లల దగ్గు మందు కాగితం. నేను పేర్చిందే.

“తమ్ముడూ, ఇక్కడ సున్నాకీ ఐదుకీ మధ్య చుక్క ఉండాలి కదా?” అంది మెల్లిగా.

చూశాను. అర మిల్లీలీటరు అని ఉండాల్సిన చోట ఐదు మిల్లీలీటర్లని ఉంది. పదింతలు! ఏ తల్లో ఆ కాగితం నమ్మి చంటిపిల్ల నోట్లో పదింతలు పోసేది.

“ఆ వరస మీద మూడుసార్లు లైటు పోయింది. మూడుసార్లూ మొదటినుంచి చదివాను. మూడోసారికి దొరికింది,” అని చుక్క పెట్టించుకుని వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఈ కాలమ్‌లో నేను చెబుతున్నదే మొదటిసారి.

ఆ తర్వాత నెలలో నేను తొమ్మిది రోజులు సెలవు పెట్టాను. వెళ్లే తొందరలో ఫ్యాను ఆపడం మర్చిపోయాను. నేను తిరిగొచ్చిన మర్నాడే మేనేజర్ గారు అందరినీ మీటింగ్‌కి పిలిచారు. పేరు ‘ఎనర్జీ రివ్యూ’.

తెర మీద మా అంతస్తు బొమ్మ వేశారు. ఏ సీటు ఎంతసేపు నిండి ఉందో బిల్డింగే మూడు నెలలుగా చూసి రాసుకుందట. కదలిక కనబడిన నిమిషమైతే మనిషి ఉన్నట్టు, కనబడని నిమిషమైతే లేనట్టు. మనిషి ఉన్న సీటు ఎరుపు, లేని సీటు తెలుపు. నా సీటు మందారంలా ఎర్రగా ఉంది. ఎదురు సీటు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

“ఇతన్ని చూసి నేర్చుకోండి!” అన్నారు మేనేజర్ గారు నా భుజం తట్టి. “సెలవు పెట్టి కూడా తొమ్మిది రోజులు, రాత్రీ పగలూ సీట్లోంచి లేవకుండా పనిచేశాడు. అడగని కష్టమయ్యా ఇది. అడగని కష్టం!”

అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు కదలడం వల్ల ఆ పూట మీటింగ్‌లో లైట్లు కూడా ఆరలేదు. నాకు ‘ఉత్తమ హాజరు’ అని ఒక షీల్డు ఇచ్చారు. అది న్యాయంగా రిబ్బను గారికి చెందాలి.

తర్వాత ఆయన చేతిలోని పుల్లతో తెల్ల సీటు చూపించారు. “ఈ సీటు నూటికి ఎనభై పాళ్లు ఖాళీ. ఖాళీ సీటుకి చల్లగాలి, లైటు, స్థలం. భూమి మీద మనకి బాధ్యత లేదా?”

అక్క లేచి నిలబడింది. “అది నా సీటండీ. నేను రోజూ ఉన్నాను.”

“ఉన్నానని మీరంటున్నారమ్మా. బిల్డింగ్ అనడం లేదు.”

“నేను చదివిన కాగితాలు ఉన్నాయి కదండీ. మూడు నెలల్లో ఏడు వందల ప్రూఫులు. ప్రతిదాని మీదా నా ఎర్ర గీతలున్నాయి.”

“కాగితాల సంగతి వేరే మీటింగ్‌లో చూద్దామమ్మా. ఇది ఎనర్జీ మీటింగ్.”

“పోనీ నన్ను కిటికీ పక్కన వెయ్యండి. ఆ ఒక్క కిటికీ తెరిస్తే నాకు లైటే అక్కర్లేదు.”

మేనేజర్ గారు జాలిగా నవ్వారు. “ఈ బిల్డింగ్ కిటికీలు తెరవడానికి కాదమ్మా.”

అక్క నాకేసి చూసింది. నా రిబ్బను ఎందుకు కట్టానో ఆ గదిలో తెలిసిన మనిషి, నేను కాక, ఆవిడ ఒక్కతే. ఒక్క మాట అంటే చాలు, నా షీల్డూ ఆ ఎరుపూ తెలుపూ అన్నీ అక్కడికక్కడే తేలిపోయేవి. ఆవిడ అనలేదు. నేను అనొచ్చు. నోరు నాదే, లేచి ‘అయ్యా, ఆ ఎరుపు నేను కాదు, మూరెడు రిబ్బను’ అంటే సరిపోయేది.

నేను షీల్డు మీద అక్షరాలు సరిగా పేర్చారా లేదా అని చూసుకుంటూ కూర్చున్నాను. కుదురుగా. ఒక్క అంగుళం కదలకుండా.

ఖాళీ సీటుకి మనిషెందుకని ఆ పోస్టు ఎత్తేశారు. శుక్రవారం సాయంత్రం అక్క సొరుగులు ఖాళీ చేసుకుంది. స్కేలు, ఎర్ర పెన్నులు, కళ్లజోడు పెట్టె, నీళ్ల సీసా. వంగుతూ, లేస్తూ, అటూ ఇటూ తిరుగుతూ సర్దుకుంది. ఆ అరగంటసేపూ ఆవిడ నెత్తి మీద లైటు ఒక్కసారి కూడా ఆరలేదు. ఆవిడ ఉందని బిల్డింగ్ ఆ రోజు ఒప్పుకుంది.

వెళ్తూ వెళ్తూ నా టేబుల్ దగ్గర ఆగింది. తిట్టినా బాగుండేది. వంగి ఫ్యాను స్విచ్చు ఆపింది.

“నువ్వు లేనప్పుడన్నా ఆపుతూ ఉండు తమ్ముడూ,” అంది.

రిబ్బను వాలిపోయింది. నేను తలెత్తలేకపోయాను.

సరే, ఏడుపులెందుకు, ఇది లాభాల గురించి రాస్తున్న కాలమ్. ఆవిడ సీటు తీసేసిన చోట ఇప్పుడు కుండీలో ప్లాస్టిక్ మొక్క పెట్టారు. దానికి లైటు అక్కర్లేదు, అర్జీలు పెట్టదు. కరెంటు ఖర్చు ఒక సీటు మేర తగ్గింది. బిల్డింగ్‌కి ఇంకో పతకం వచ్చింది. దాన్ని కింద రిసెప్షన్‌లో గోడకి తగిలించి, నాలుగు లైట్లు పెట్టారు. అక్కడ సెన్సార్ లేదు. వచ్చేపోయేవాళ్లకు పతకం కనబడకుండా పోతే ఎలా? ఆ నాలుగు లైట్లూ పగలంతా వెలుగుతూనే ఉంటాయి. ఆ వెలుగులో చీమ తలకాయ అక్షరాలు కూడా హాయిగా చదువుకోవచ్చు. చదవాల్సినవాళ్లను మాత్రం అక్కడ కూర్చోనివ్వరు.

మరి ఆవిడ పని ఎవరు చేస్తున్నారంటారా? ఆఫీసులో అందరికన్నా ఎక్కువసేపు సీట్లో ఉండే మనిషికి అప్పజెప్పారు. అంటే నాకే! నేను పేర్చినదాంట్లో తప్పులు ఇప్పుడు నేనే పట్టుకుంటున్నాను. ఫ్యాను ఆవిడ ఆపింది కదా, మళ్లీ వెయ్యడానికి చెయ్యి రాలేదు. అందుకని ఎడమచేత్తో ప్రూఫు పట్టుకుని, కుడిచెయ్యి గాల్లో ఊపుతూ చదువుతున్నాను. మధ్యలో చెయ్యి ఆగి లైటు పోతే ఎక్కడ ఆగానో సుమారుగా గుర్తుంచుకుని అక్కణ్ణుంచి లాగించేస్తున్నాను. పని ఎంత వేగంగా సాగుతోందో చెప్పలేను.

ఈ రెండు నెలల్లో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. ఒక్కటంటే ఒక్కటి! మేనేజర్ గారు చాలా సంతోషించారు.

మీకు మాత్రం చిన్న మనవి. మీ ఇంట్లో పసిపిల్లలుంటే, మందు పెట్టెలో మడిచిన కాగితం ఈసారి పారెయ్యకండి. కిటికీ పక్కకి వెళ్లండి. మీ కిటికీ తెరుచుకునేదైతే తెరవండి. స్కేలు పెట్టుకుని, కుదురుగా కూర్చుని, సున్నాకీ ఐదుకీ మధ్య చుక్క ఉందో లేదో మీరే చూసుకోండి. అది చూసే మనిషి ఇప్పుడు మా దగ్గర లేదు.